దిద్దిన కన్ను

నాకు నోరెక్కువని మావాళ్ళందరూ అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో పాతికేళ్ళు జువాలజీ చెప్పినదాన్ని, నోరు లేకపోతే చివరి బెంచీ దాకా ఎలా వినపడుతుంది? పైగా నాకొక పట్టుదల ఉండేది. కణవిభజన పాఠం వచ్చినప్పుడు అందరూ కణం ఎలా చీలుతుందో చెప్పి ఊరుకుంటారు. బొమ్మ వేయిస్తారు, దశల పేర్లు బట్టీ పట్టిస్తారు. అది ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో ఒక్కరూ చెప్పరు. నేను చెప్పేదాన్ని. సిలబస్‌లో లేదండీ, పరీక్షలో రాదు కదండీ అని పిల్లలు మూలిగేవారు. రాకపోతే మరీ మంచిది, భయం లేకుండా వినండి అనేదాన్ని.

తొంభైల్లో ఒక వేసవిలో విశాఖపట్నం యూనివర్సిటీకి రిఫ్రెషర్ కోర్సుకు వెళ్ళి, సంచీ నిండా జిరాక్సు కాగితాలు మోసుకొచ్చాను. అప్పుడప్పుడే తెలుస్తున్న సంగతులు అవన్నీ. కణం చీలకుండా పట్టి ఉంచే ప్రోటీన్లు ఒక గుంపుగా ఉంటాయట. వాటిలో కొన్నింటికి పేర్లు కూడా సరిగా పెట్టలేదు, బరువును బట్టి పి ఇరవై ఒకటి, పి ఇరవై ఏడు అని బస్సులకు పెట్టినట్టు నంబర్లు పెట్టారు. తల్లి కడుపులో చెయ్యి చెయ్యంతే, ముక్కు ముక్కంతే పెరిగి ఊరుకుంటున్నాయంటే అది వీటి చలవే. నరంగానో, కంటి పొరగానో స్థిరపడాల్సిన కణం ముందు చీలడం మానుకోవాలి. మానిపించేది ఇవే. ఇవి పాడైతే కణం ఆగదు. ఆగకపోవడానికే క్యాన్సర్ అని పేరు.

ఇదంతా పిల్లలకు ఎక్కించడానికి నేను కాలువ మీది లస్కరును తీసుకొచ్చేదాన్ని. మా వైపు లస్కరు తెలియనివాళ్ళు లేరు. నీళ్ళు కావాలంటే తూము తలుపు ఎత్తుతాడు, చాలంటే దించుతాడు. "నీళ్ళు వదలడం ఎవడైనా చేస్తాడర్రా, వేళకి ఆపినవాడే చేను నిలబెట్టినట్టు" అనేదాన్ని. ఒక్కో తూముకు ఇద్దరు లస్కర్లు, ఒకడు అమ్మ పంపినవాడు, ఒకడు నాన్న పంపినవాడు. ఒకడు రాకపోయినా రెండోవాడు తలుపు దించుతాడు. ఇద్దరూ లేకపోతేనే మునక. కొందరు పుట్టుకతోనే ఒక్క లస్కరుతో పుడతారు. ఆ ఒక్కడూ ఏదో ఒక కణంలో జారిపోతే చాలు. దీనికి ఉదాహరణగా పసిపిల్లల కంటిపొరలో వచ్చే క్యాన్సర్ చెప్పేదాన్ని. కంటిపాప తెల్లగా మెరుస్తుంది అని జిరాక్సు బొమ్మ కూడా చూపించేదాన్ని. ఎన్నేళ్ళు చెప్పానో నాకే గుర్తులేదు. సరే, ఇప్పుడు నా ఘనకార్యం వినండి.

మా చెల్లెల్ని కడియం దగ్గర మొక్కల నర్సరీ ఉన్న ఇంటికిచ్చాం. మరిదికి కుడి కన్ను లేదు, గాజు కన్ను. ఆ సంగతి దాచలేదు. సంబంధం మాట్లాడుకున్న రోజే వాళ్ళమ్మగారు చెప్పారు. "రెండేళ్ళప్పుడు పెరట్లో పిల్లలకోడి పొడిచిందండి. కోడిపిల్లని పట్టుకోబోయాడు, ఎగిరి కంట్లో పొడిచేసింది." అయ్యో పాపం అన్నాం. చదువెంత, పొలమెంత, తాగుడుందా అన్నీ అడిగిన నేను కన్ను గురించి రెండో ప్రశ్న వెయ్యలేదు. అవతలివాళ్ళు తమ లోపం తామే చెప్పుకున్నాక దాన్ని తిరగేసి అడగడం మావైపు మర్యాద కాదు. కుర్రాడు బంగారం. పెళ్ళయిపోయింది.

ఆ కోడి కథ ఆ ఇంట్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, చుట్టూ అన్ని ఇళ్ళలో కోళ్ళు తిరుగుతున్నా వాళ్ళ గేటు లోపలికి ఒక్క కోడిని రానిచ్చేవారు కాదు. మరిది రోడ్డు మీద పిల్లలకోడి కనిపిస్తే అటు పక్కకి తప్పుకుని నడిచేవాడు. విస్తట్లో కోడి పడితే మాత్రం తప్పుకునేవాడు కాదులెండి, పగ తీర్చుకుంటున్నానండీ వదినగారూ అని నవ్వేవాడు.

వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మొదటి పుట్టినరోజుకు నేను వెళ్ళలేకపోయాను, పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. చెల్లెలు వరండాలో కూర్చోబెట్టి ఆల్బమ్ నా ఒళ్ళో పెట్టి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. పాప పట్టు గౌనులో, పాప కేకు ముందు, పాప నానమ్మ ఒళ్ళో. నాలుగో పేజీ దగ్గర ఏదో తేడాగా తోచింది. పాప కుడి కంట్లో ఫ్లాష్ వెలుగు చిన్న చుక్కగా పడింది. ఎడమ కంట్లో వెలుగు లేదు. వెనక్కి తిప్పాను. ఏ ఫొటోలోనూ లేదు. ఎడమ కన్ను ప్రతి ఫొటోలో ఒకేలా నల్లగా, బొట్టు పెట్టినట్టు ఉంది.

ఫొటో కవరులోంచి లాగి వెలుతురుకి వాలుగా పట్టుకున్నాను. కాగితమంతా నిగనిగలాడుతోంది, ఆ ఒక్క చుక్క మాత్రం మెరవడం లేదు. మైక్రోస్కోపు ముందు జీవితం గడిపినదాన్ని, పైన పూసిన రంగు తెలియదూ! గోటితో గీకాను. నలుపు లేచి వచ్చింది. కింద తెల్లగా ఉంది.

చెల్లెలు కాఫీ తెచ్చింది. నేను గొంతు మామూలుగా పెట్టి, "పాప ఎడమ కన్ను ఎప్పుడైనా మెరుస్తుందా?" అన్నాను.

"అవునక్కా, నీకెవరు చెప్పారు? దీపాలు పెట్టే వేళ ఒక్కోసారి పిల్లి కన్నులా తళుక్కుమంటుంది. ఆడపిల్లకి అది అదృష్టమని అత్తయ్యగారన్నారు."

కాఫీ అక్కడే పెట్టేసి లేచాను. ఇప్పుడే వస్తాను అన్నానంతే. చెల్లెలికి అప్పుడే చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంకా ఎక్కడో ఒక మూల ఫొటోగ్రాఫరు పొరపాటేమో, ఫిలిం మీద దుమ్మేమో అని ఆశ. కానీ రిక్షాలో కూర్చున్నాక లోపల ఇంకొకటి మొదలైంది. ఏడాదిగా ఆ పిల్లని ఎత్తుకుంటున్నాను, ముద్దులు పెడుతున్నాను. క్లాసులో ఆ బొమ్మ చూపించి వచ్చి అదే సాయంత్రం ఈ పిల్లని ఆడించిన రోజులున్నాయి. చదువుకున్న గాడిదని అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

స్టూడియో మెయిన్ రోడ్డు మీదే. నడిపేది మర్యాద తెలిసిన మనిషి, కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఫొటో చూపించి ఈ నలుపేంటండీ అంటే సంబరపడిపోయాడు.

"కనిపెట్టేశారాండి! నేనే దిద్దానండి, సన్న కుంచెతో. ఎడమ కంట్లో తెల్లగా పడిందండి, పుట్టినరోజు ఫొటోలు కదా, బాగోదని. దానికి విడిగా ఏం పుచ్చుకోలేదండి."

"అన్నింట్లోనూ పడిందా?"

"ఎదురుగా చూసిన ప్రతిదాంట్లోనూ పడిందండి. ఆ ఇంటి పిల్లలకి అంతేనండి మేడమ్‌గారూ. మా నాన్నగారు కూడా చెప్పేవారు. అబ్బాయిగారికి చంటప్పుడు తీసిన ఫొటోలో కూడా కుడి కన్ను ఇలాగే తెల్లగా పడితే మా నాన్నగారే దిద్దారంటండి. అదిగో, గోడ మీదుంది చూడండి."

గోడకు ఫ్రేము కట్టి ఉంది. మొలతాడు కట్టుకుని, బోర్లా పడుకుని తలెత్తి నవ్వుతున్న ఏడెనిమిది నెలల పిల్లవాడు. మా మరిది. కుడి కంట్లో నల్లటి బొట్టు. రెండేళ్ళప్పుడు కోడి పొడిచిన కన్ను, ఎనిమిదో నెలలోనే తెల్లగా ఎలా ఉంది?

అప్పుడు నాకు తలలోకి ఎక్కింది చూడండి కోపం, అది మాటల్లో చెప్పలేను. తండ్రికి వచ్చింది, కూతురికి వచ్చింది. పాపకు తండ్రి వైపు లస్కరు పుట్టుకనుంచే లేడు. అలాంటి పిల్లలకు ఒక కంటితో పోదు, తరచుగా రెండో కంట్లోనూ వస్తుంది. ఎడమ కన్ను సంగతి నాకు తెలిసిపోయింది. ఇక మిగిలింది కుడి కన్ను, ప్రాణం. ప్రతి రోజూ లెక్కే.

నేను తిరిగి వెళ్ళేసరికి అత్తయ్యగారు, అంటే చెల్లెలి అత్తగారు, నర్సరీ పందిరి కింద పీట వేసుకుని మామిడి అంట్లు కడుతున్నారు. ఆ చేతికి ఎండిపోయిన అంటు లేదని పేరు. నేను నిలబడే అడిగాను.

"అత్తయ్యగారూ, అబ్బాయి కన్ను కోడి పొడిచిందా?"

"ఇప్పుడా సంగతెందుకమ్మా?"

"పొడిచిందా, లేదా?"

"పొడిచిందనే కదా చెప్పాం."

"మీరేం చెప్పారో నాకు తెలుసండి. ఏం జరిగిందో చెప్పండి. స్టూడియోలో గోడ మీది ఫొటో చూసొచ్చాను."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆ స్టూడియోవాడి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నారు నెమ్మదిగా.

"వాడి నోరు సంగతి తర్వాత. పాప ఎడమ కన్ను తెల్లగా ఉంది. మీరు చూశారు. చూసి అదృష్టమన్నారు."

ఆవిడ కత్తిని పీట కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని అప్పుడు చెప్పారు. "కాకినాడలో తీసేశారమ్మా. తియ్యకపోతే పిల్లాడు దక్కడన్నారు. క్యాన్సరు అన్న మాట బయటికి పోతే ఆ ఇంట్లో ఎవరైనా పిల్లనిస్తారా, ఆ ఇంటి పిల్లని చేసుకుంటారా? మా మామగారు కోడి అన్నారు. నేనూ కోడి అన్నాను. అనగా అనగా నాకే నిజమనిపించేసింది."

"డాక్టరుగారు ఇంకేమైనా చెప్పారా?"

"వీడికి పిల్లలు పుడితే కళ్ళు చూపించుకోండి అన్నారు."

"మరి?"

"చూపిస్తే ఎందుకని అడుగుతారు కదా. దీనికి రాదులే అనుకున్నాను. మెరిసినప్పుడు కూడా అనుకున్నాను."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాస్తాను, దాచను. "కోడి కాదండీ, మీరే పొడిచారు ఈ పిల్ల కన్ను" అన్నాను. ఆవిడ నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఆ మాటకు తర్వాత సిగ్గుపడ్డాను, అప్పుడు మాత్రం కాదు. వెనక నుంచి చెల్లెలు, మరిది వచ్చి నిలబడ్డారని నేను చూసుకోలేదు. మరిది అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ముప్పయ్యేళ్ళుగా కోళ్ళని తిట్టుకుంటున్నాను వదినగారూ" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాక, పాపని చెల్లెలి చేతుల్లోంచి తీసుకుని గుండెకి హత్తుకున్నాడు.

ఆ సాయంత్రమే రాజమండ్రిలో కంటి డాక్టరు చుక్కల మందు వేసి చూసి, ఒక్కరోజు కూడా ఆగవద్దన్నారు. మర్నాడు హైదరాబాదులో ఉన్నాం. ఆసుపత్రి ఫారం నింపుతున్న ఆమె తండ్రి కన్ను ఎలా పోయిందని అడిగింది. చెల్లెలు భర్త మొహం చూసింది. "క్యాన్సరండి" అన్నాడు మరిది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతను అనడం అదే మొదలు. ఆ క్షణాన అతనంటే నాకెంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఎడమ కన్ను తీసేశారు. కుడి కంట్లో రెండు చిన్న మచ్చలు కనిపించాయి. మందులు ఎక్కించారు, మచ్చల్ని చలితో గడ్డకట్టించి చంపే వైద్యం చేశారు. నెలకోసారి రైలు, మత్తు ఇచ్చి పరీక్ష, బయట బల్ల మీద మేము. ప్రతిసారీ తలుపు తెరుచుకునేలోగా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కేది. "అక్కా, నువ్వు పాఠం చెప్పేదానివి కదా, చెప్పు, ఆగుతుందా?" అనేది. ఆగుతుంది అనేదాన్ని. క్లాసులో ఎంత ధీమాగా చెబుతానో అంత ధీమాగా. లోపల నాకేం తెలుసు? అయినా ఆగింది. ఏడాదిన్నరకు మచ్చలు మాడి ముడుచుకుపోయాయి. కుడి కన్ను నిలిచింది, చూపు నిలిచింది. పాప అల్లరి భరించలేక ఎవరికీ దాన్ని జాలిగా చూడ్డానికి కూడా వీల్లేకపోయింది.

అత్తయ్యగారు ఆ రోజులన్నీ నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. వెళితే మంచినీళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళిపోయేవారు.

మూడేళ్ళకు చెల్లెలు మళ్ళీ నీళ్ళోసుకుంది. చుట్టాలు తలో మాట అన్నారు. నేను మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, సగానికి సగం. కనడం, మానడం మీ ఇష్టం. కంటే మాత్రం పుట్టిన వారం లోపల కళ్ళు చూపించాలి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే కన్ను పోదు. అత్తయ్యగారు గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నారు.

మగపిల్లవాడు పుట్టాడు. రెండో కాన్పు కాబట్టి అత్తవారింట్లోనే. ఇక్కడ మావైపు పురుడంటే ఏంటో చెప్పాలి. పదకొండో రోజు దాకా పిల్ల గుమ్మం దాటకూడదు, తల్లిని కూడా అవతలివాళ్ళు ముట్టుకోకూడదు. ఆ ఇంట్లో ఆ పట్టింపు మరీ ఎక్కువ, అంతకుముందు ఒక పురిటికి వచ్చిన డాక్టరమ్మనే వీధి వరండాలో కూర్చోబెట్టారట. అందుకని ఐదో రోజు నేను కారు మాట్లాడుకుని, పెద్దావిడతో దెబ్బలాటకి కావలసిన మాటలన్నీ దారి పొడుగునా కూర్చుకుని మరీ వెళ్ళాను.

కారు ఆగేసరికి ఆవిడ గేటు దగ్గరున్నారు. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టి ఎత్తుకుని. ఎదురింటావిడ అరుగు మీదినుంచి చూసి హడలిపోయింది.

"అదేంటండీ, పురిటి పిల్లాణ్ణి వీధిలోకి తెచ్చారు! ఇంకా పదకొండో రోజు కూడా రాలేదుగా!"

"మా ఇంట్లో కంటికి క్యాన్సరు ఉందమ్మా" అన్నారు అత్తయ్యగారు, వీధి వీధంతా వినపడేలా. "మా అబ్బాయికి వచ్చింది, మనవరాలికి వచ్చింది. వీడికి చూపించడానికి తీసుకెళ్తున్నాను."

నేను కూర్చుకున్న మాటలతో ఇక పని లేదు. కారు తలుపు తీసి పట్టుకున్నానంతే.

ఆ పిల్లవాడి ఎడమ కంట్లో ఓ మూల చిన్న మచ్చ కనిపించింది. ఇంకో ఏడాది ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో మాకు వేరే చెప్పక్కర్లేదు. లేజరుతో కాల్చారు. తర్వాత ఇంకో రెండు పుట్టాయి, అవి కూడా కాల్చారు. వాడికి రెండు కళ్ళూ ఉన్నాయి, రెంటికీ చూపుంది.

మొదటిసారి కాల్చిన రోజు ఆసుపత్రి బల్ల మీద నేనూ ఆవిడా పక్కపక్కనే కూర్చున్నాం. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది: "నేను ముందే చెప్పుంటే పెద్దదాని కన్ను ఉండేదా అమ్మాయ్?"

ఆ ప్రశ్నకు జవాబు నాలుగేళ్ళుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎప్పుడెప్పుడు అడుగుతారా, ఎప్పుడెప్పుడు అందామా అని ఉండేది. తీరా అడిగాక నాకేం సంతోషం కలగలేదు. కానీ అబద్ధం చెప్పడానికి కూడా మనసొప్పలేదు, ఆ ఇంట్లో అబద్ధాలు చాలు.

"చాలావరకు ఉండేదండి" అన్నాను.

తలూపారు. "అంతే అనుకున్నాను. ఆ ముక్క దానికి నువ్వు చెప్పకు. ఊహ తెలిశాక నేనే చెబుతాను."

చెప్పరనుకున్నాను. దానికి తొమ్మిదేళ్ళు వచ్చిన వేసవిలో చెప్పారు. నేనక్కడే ఉన్నాను. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, కాకినాడ సంగతి, కోడి సంగతి, మెరుపు చూసి కూడా నోరు మూసుకున్న సంగతి, ఒక్కటి కూడా మిగల్చకుండా చెప్పారు. "నేను భయపడ్డానమ్మా. నా భయానికి నీ కన్ను పోయింది" అన్నారు. రిబ్బను కట్టడం అయిపోయినా జడ వదల్లేదు. పిల్ల ఏడుస్తుందేమో, విదిలించుకుని పోతుందేమో అని నేను చూస్తున్నాను.

అది వెనక్కి తిరిగి, ఉన్న ఒక్క కంటితో నానమ్మ మొహంలోకి చూసి అడిగింది.

"అయితే నాకు పిల్లలు పుడితే ఎన్నో రోజున చూపించాలి నానమ్మా?"

నేను జవాబు చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు.

"పుట్టిన రోజే చూపించాలమ్మా" అన్నారు. "నేనుంటే నేనే ఎత్తుకెళ్తాను. లేకపోతే, నువ్వు ఎవరికీ భయపడకు."